మార్కాపురం పక్కన ఉంటూ ఇంకో పలక ఎందుకురా

ఒంగోలు,
డిసెంబరు 7, 2025.

చిరంజీవి నాన్నకు,

అమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వడిగినదానికి ఫోన్లోనే జవాబు చెప్పేదాన్ని. కానీ మీ ఊళ్ళో సిగ్నల్ సంగతి తెలిసిందేగా, మేడెక్కితే వినిపిస్తుంది, మెట్లు దిగితే తెగిపోతుంది. పైగా నేను చెబుతుంటే నువ్వు ‘ఊఁ, ఊఁ’ అంటూనే ఇంకేదో చూస్తుంటావు. కాగితం మీద పెడితే ఒక్కసారన్నా పూర్తిగా చదువుతావని రాస్తున్నాను.

ప్రాన్ నంబరు (పెన్షన్ ఖాతాది) వచ్చి, బిల్లు పాసై, మొత్తానికి లెక్కల టీచరుగా మొదటి జీతం పడిందన్నావు. సంతోషం. ‘ఇంటికి పంపొద్దంటున్నావు కాబట్టి క్లాసులో పనికొచ్చేది కొనుక్కుంటా, ట్యాబా ల్యాప్‌టాపా నువ్వే చెప్పు’ అన్నావు. అడిగిన తీరులోనే తెలిసిపోయిందిలే. ట్యాబు కొనాలని ఎప్పుడో అనుకున్నావు, నా చేత అవుననిపించుకోవడానికి అడిగావు. నేను అవుననను. ల్యాప్‌టాప్ కొనుక్కో.

నీ క్లాసు గోడకు, తాకితే పనిచేసే పెద్ద తెర ప్యానెల్, అదే ఐఎఫ్‌పీ ఉంది కదా. వేలితో రాస్తే రాస్తుంది, చెరిపితే చెరుగుతుంది, లోపల ఆండ్రాయిడే, యాప్‌లు వేరే కంప్యూటరు లేకుండానే నడుస్తాయి. అదేమిటి మరి? గోడకు బిగించిన పెద్ద ట్యాబే. నీ జేబులో ఫోనుంది, అది చిన్న ట్యాబు. మధ్య సైజుది ఇంకొకటి కొని ఏం చేస్తావు? నా చిన్నప్పుడు పలకంటే మార్కాపురం పలకే. చెక్క చట్రం, నల్లరాయి, చేతిలో బలపం. దొండాకూ బొగ్గూ కలిపి రుద్ది కడిగితే కొత్త పెళ్ళికూతురులా మెరిసేది. దేశమంతా పలకలు పంపిన ఊరి పక్కన ఉద్యోగం చేస్తూ, నువ్వు డబ్బు పోసి ఇంకో పలక కొంటానంటే నవ్వొచ్చింది.

ట్యాబు గొప్పతనం నాకు తెలియక కాదు. దాన్ని చేతిలో పట్టుకుని వెనక బెంచీ దాకా నడిచి, అక్కడి నుంచే రాస్తే ముందు తెర మీద కనపడుతుంది. ల్యాప్‌టాప్ అయితే నిన్ను బల్లకు కట్టేస్తుంది. ముప్ఫై ఐదేళ్ళు పాఠం చెప్పినదాన్ని, టీచరు నడవడం ఎంత ముఖ్యమో నాకు వేరే చెప్పాలా! నేను వెనక బెంచీ పక్కన నిలబడ్డ రోజున ఆ బెంచీ వాళ్ళు చేసినన్ని లెక్కలు మిగతా వారమంతా చేసేవాళ్ళు కాదు. ట్యాబు వైపు నీ దగ్గర ఉన్న బలమైన మాట ఇదొక్కటే. అయితే ఆ నడక సుద్దముక్కతోనూ వస్తుంది, నీ ఫోనుతోనూ వస్తుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

‘పిల్లల చేతికి కూడా ఇవ్వొచ్చు’ అన్నావు చూడు, అక్కడ నాకు అనుమానం. 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకూ, వాళ్ళకు పాఠాలు చెప్పే మాకూ ప్రభుత్వం ట్యాబులిచ్చింది. ఇంటి దగ్గర మళ్ళీ పాఠం వినడానికి కొందరికి బాగానే పనికొచ్చాయి, కాదనను. క్లాసులో మాత్రం నేను గమనించింది ఒకటే. నలభై రెండు తలలు ఒక్కసారి కిందికి వంగితే నాకు కళ్ళు కనపడవు. లెక్క అర్థమైందో లేదో నేను చూసుకునేది పిల్లల కళ్ళల్లోనే. ఇక నీ సొంత ట్యాబు, నీ మొదటి జీతంది, దాన్ని ఆరో తరగతి పిల్లాడి చేతిలో పెట్టి నువ్వు ప్రశాంతంగా నిలబడగలవా? నేను 1989లో చేరిన బడికి ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే కేంద్ర పథకం కింద సామానొచ్చింది. గ్లోబు, పటాలు, సైన్స్ కిట్టు. పగిలితే జీతంలో కోస్తారని హెడ్మాస్టరుగారు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇన్‌స్పెక్షన్ రోజున తీసి తుడిచేవాళ్ళం, మర్నాడు మళ్ళీ లోపల. గ్లోబు మీద మన దేశం ఎక్కడుందో పిల్లలు వేలు పెట్టి చూడకుండానే ఐదో తరగతి దాటిపోయారు. ఆ పెద్దాయనను తప్పు పట్టలేను, ఆయన భయం ఆయనది. నువ్వు నీ ట్యాబుకు బీరువా వెతుక్కుంటావనే నా భయం.

ఇంకో అనుభవం చెబుతాను, నవ్వకు. కరోనా రోజుల్లో మీ నాన్న నాకో ట్యాబు కొనిచ్చారు గుర్తుందా, స్టీలు స్టూలుకు దారంతో కట్టి పాఠాలు చెప్పేదాన్ని. తర్వాత ఒక ట్రైనింగులో నన్ను డెమో ఇవ్వమన్నారు. దాన్ని ప్రొజెక్టరుకు తగిలిద్దామని టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్ళే కేబులు ఒకటి కొనుక్కుని పోయాను. గుచ్చాను, బొమ్మ రాలేదు. తీసి మళ్ళీ గుచ్చాను, రాలేదు. నలభై మంది టీచర్లు, వెనక ఎవరో ‘మేడం, ఊదండి’ అన్నారు. చివరికి సుద్ద తీసుకుని బోర్డు మీదే చెప్పాను. ఇంటికొచ్చాక తెలిసిందేమిటంటే, చూడ్డానికి అన్ని టైప్-సి రంధ్రాలూ ఒకటే గానీ బొమ్మను బయటికి పంపేవి కొన్నే. తక్కువ ధర ట్యాబుల్లో ఎక్కువ భాగం ఆ రంధ్రంతో చార్జింగు ఎక్కించుకుంటాయి, ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకుంటాయి, అంతే. వైర్లెస్‌గా పంపొచ్చు, నిజమే, కానీ ట్యాబూ తెరా ఒకరి భాష ఒకరికి తెలిసినవై ఉండాలి. ల్యాప్‌టాప్‌కు పక్కన హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే ఈ గొడవేమీ లేదు.

ఆ ఐఎఫ్‌పీకి ల్యాప్‌టాప్ తగిలించేటప్పుడు చాలామంది ఒక్క హెచ్‌డీఎంఐ పెట్టి ఊరుకుంటారు. దానివల్ల బొమ్మా శబ్దమూ వెళ్తాయి, కానీ తెర మీద వేలు పెడితే ల్యాప్‌టాప్‌కు తెలియదు. వేలి కదలిక వెనక్కి రావడానికి ప్యానెల్ నుంచి వేరే యూఎస్‌బీ కేబులు కూడా తగిలించాలి. ప్యానెల్‌తో పాటు ఇచ్చిన అట్టపెట్టెలో సాధారణంగా ఉంటుంది, మీ బళ్ళో ఏ అల్మారాలో పడి ఉందో వెతుకు. రెండూ తగిలించాక జియోజీబ్రా తెరువు, రేఖాగణితం బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్. ఉచితమే, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది.

తొమ్మిదో తరగతి వృత్తాల పాఠం ఎలాగూ నీ మీదకు వస్తుంది. ఒక వృత్తం గీయి. ఒక చాపం తీసుకో, అది కేంద్రం దగ్గర చేసే కోణం 80 డిగ్రీలు పెట్టు. వృత్తం మీద మిగతా పెద్ద భాగంలో ఇంకో బిందువు పెట్టి, ఆ చాపం అక్కడ చేసే కోణం 180 లోపే కనపడేలా చెయ్యి, 40 అని వస్తుంది. ఇప్పుడు నువ్వు పక్కకు జరిగి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లను ఎవరినన్నా పిలిచి ఆ బిందువును వేలితో జరపమను. జరుపుతుంది. 40. ఇంకా జరుపుతుంది. 40. ఆ పెద్ద భాగమంతా పాకినా 40 దగ్గరే ఉంటుంది, పిల్లలకు విసుగు పుడుతుంది. విసుగు పుట్టనివ్వు. ఆ బిందువు చాపం చివర దాటి చిన్న చాపం మీదకు రాగానే అంకె ఒక్కసారిగా 140 అవుతుంది. ఆ క్షణంలో క్లాసు చేసే చప్పుడు వినాలిరా. ‘ఎందుకైంది సార్?’ అని వాళ్ళే అడుగుతారు. 40, 140 కలిపి చూడమంటే, ఎదురెదురు కోణాలు కలిపితే 180 అయ్యే చక్రీయ చతుర్భుజం (నాలుగు మూలలూ వృత్తం మీదుండేది) దగ్గరికి వాళ్ళ కాళ్ళతో వాళ్ళే నడిచొస్తారు. నేను పాతికేళ్ళు ఈ సిద్ధాంతాన్ని సుద్దతో మూడు బొమ్మలు గీసి చెప్పాను. కదలని బొమ్మలు మూడు గీస్తే పిల్లలకు అవి మూడు వేరు వేరు లెక్కలు.

అదే జియోజీబ్రా ప్యానెల్లోనూ ట్యాబులోనూ వస్తుంది కదా అంటావు. వస్తుంది. పది నిమిషాలు చూపించడానికి సరిపోతుంది కూడా. కానీ ఆ బొమ్మను ముందు రోజు రాత్రి తయారుచేసుకునేది నువ్వు, నీ గదిలో, మౌసు పట్టుకుని. అక్కడే ల్యాప్‌టాప్ గెలుస్తుంది. క్లాసులో నలభై ఐదు నిమిషాలు, దాని వెనక రాత్రి గంటన్నర. నువ్వు నలభై ఐదు నిమిషాలకు సరిపడే వస్తువు చూస్తున్నావు, నేను ఆ గంటన్నరకు చూడమంటున్నాను.

ప్రశ్నపత్రాల సంగతి నీకింకా తెలియదు, యూనిట్ టెస్టులు మొదలయ్యాక తెలుస్తుంది. మేం చేత్తో రాసి డీటీపీ సెంటరులో ఇచ్చేవాళ్ళం. ఆయన పేజ్‌మేకర్లో అను ఫాంటుతో కొట్టేవాడు. ఒకసారి వర్గమూలం గుర్తులన్నీ ఎగిరిపోయాయి. √2 కాస్తా 2 అయి కూర్చుంది. √2 కరణీయ సంఖ్య, అంటే పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిది, 2 అలాంటిది కాదు. ‘2 కరణీయ సంఖ్య అని నిరూపించండి’ అని ప్రశ్న! అందులో తెలివైన పిల్లలు ‘ఇది తప్పు, 2 అకరణీయ సంఖ్య’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు, మిగతావాళ్ళు నేను చెప్పిన నిరూపణ వల్లె వేసి పేజీ నింపారు. మార్కులు ఎవరికెయ్యాలి? అందరికీ వేశాను, ఆ ఒక్క వాక్యం రాసిన నలుగురికీ మాత్రం పక్కన ‘శభాష్’ అని రాశాను. నీ దగ్గర ల్యాప్‌టాప్ ఉంటే వర్డ్‌లో ఈక్వేషన్ పెట్టుకుని, ఒకవైపు తెలుగు ఒకవైపు ఇంగ్లీషు వేసుకుని నీ పేపరు నువ్వే కొట్టుకుంటావు. మండలి, మల్లన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ట్యాబు మీద వేలితో ఈ పని చెయ్యి చూద్దాం, రెండో ప్రశ్నకే ఓపిక అయిపోతుంది. యూడైస్ (ప్రభుత్వానికి పంపే బడి వివరాల) ఎంట్రీలు, మార్కుల ఎక్సెల్ షీట్లు సరేసరి. కొత్తగా వచ్చిన కుర్రాడివి, కంప్యూటరు తెలిసినవాడివి, ఆ పనంతా నీ నెత్తినే పడుతుంది చూస్తూ ఉండు.

కేరళ వాళ్ళు 2018లో 45,000 తరగతి గదులను హైటెక్ చేసినప్పుడు ల్యాప్‌టాపూ ప్రొజెక్టరే పెట్టారు. అందులో విండోస్ కూడా కాదు, ఉచితంగా వచ్చే లినక్స్. టీచర్లే పాఠాలు తయారు చేసుకోవాలని వాళ్ళ పట్టుదల. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మీ నాన్న మాత్రం, ‘మడిస్తే ట్యాబు, తెరిస్తే ల్యాప్‌టాప్, అలాంటిది కొనమను’ అంటున్నారు. పక్కనే కూర్చుని ఇది కూడా రాయమంటున్నారు కాబట్టి రాస్తున్నాను. అది రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమే. ధర ఎక్కువ, మడిచి చేతిలో పట్టుకుంటే కిలోన్నర దాకా బరువు. పది నిమిషాలు పట్టుకుని నడిస్తే మణికట్టు లాగేస్తుంది. తెర మీద రాయాలనే ఉబలాటం ఉంటే ల్యాప్‌టాప్‌కు తగిలించుకునే పెన్ ట్యాబ్లెట్ ఉంటుంది, చిన్న నల్ల పలక. మూడు నాలుగు వేలల్లో వస్తుంది. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట కాబట్టి మొదటి వారం నీ రాత కోడి గెలికినట్టు ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

ఇక నడక సంగతి చెబుతానన్నాను కదా. నీ ఫోను తెరను ప్యానెల్‌కు పంపించి కెమెరా తెరువు. బెంచీల మధ్య తిరుగుతూ, ఎవరి నోట్సులో లెక్క బాగుంటే దాని మీద పెట్టు. పిల్లాడి సొంత దస్తూరి అంత పెద్ద తెర మీద కనపడితే వాడి ముఖం చూడాలి. తప్పు చేసిన నోట్సు చూపిస్తే మాత్రం పేరు మీద చెయ్యి పెట్టి చూపించు. అడిగి చూపించు.

కొనేటప్పుడు 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. హెచ్‌డీఎంఐ రంధ్రం పూర్తి సైజుది ఉందో లేదో షాపులో కళ్ళతో చూసుకో, మరీ పల్చటివాటిలో ఉండట్లేదు. గేమింగువి వద్దు, బరువెక్కువ, చార్జింగు నిలవదు. మీ వైపు కరెంటు పోతే ప్యానెల్ నల్లగా నిలబడుతుంది, అప్పుడు ల్యాప్‌టాప్ చుట్టూ ఎనిమిదేసి మందిని కూర్చోబెట్టి చూపించొచ్చు. పిన్ని కొడుకు తన పాతది ఇస్తానన్నాడటగా, మొహమాటపడి తీసుకోకు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆపేశారు. అది 11 ఎక్కించుకోగలదో లేదో ముందు కనుక్కో. ఎక్కదంటే లినక్స్ వేసుకునే ఓపిక నీకుంటేనే తీసుకో.

ఏడాది వాడాక, అప్పటికీ ట్యాబు మీద మోజు తీరకపోతే, అప్పుడు కొనుక్కో. నేనే సగం ఇస్తాను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మార్కాపురంలో రెండు రాతి పలకలు కొని తీసుకురా. ప్లాస్టిక్ చట్రానివి వద్దు, చెక్కవి. శ్రీపంచమికి అక్క కూతురికి అక్షరాభ్యాసం పెట్టుకున్నాం. బస్సులో సామాను కింద పడెయ్యకు, ఒళ్ళో పెట్టుకో, పగులుతాయి.

వేళకు తిను.

ఆశీస్సులతో,
అమ్మ