మైగ్రేన్‌లో లెక్కపెట్టాల్సింది మాత్ర వేసుకున్న రోజుల్ని

సంపాదకుల వారికి,

నమస్కారం. మైగ్రేన్ గురించి పత్రికల ఆరోగ్యం పేజీల్లో తరచూ వ్యాసాలు వస్తుంటాయి. చీకటి గదిలో పడుకోండి, నీళ్లు బాగా తాగండి, ఒత్తిడి తగ్గించుకోండి అని చెబుతుంటాయి. ఆ మాటల్లో తప్పేమీ లేదు. కానీ నెలలో పది పన్నెండు రోజులు మంచానికి అతుక్కుపోయే వాళ్లకు అవి చాలవు. వాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు: ఈ నొప్పి నా మెదడును పాడుచేస్తోందా? ఏ మాత్ర వేసుకున్నా ఎందుకు తగ్గడం లేదు? ఈ రెంటికీ వైద్యంలో చాలావరకు జవాబులున్నాయి. తలనొప్పి మందులతో రోజూ పని ఉండే ఫార్మసిస్టులుగా వాటిని మీ పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాం.

మైగ్రేన్‌ను, అంటే పార్శ్వపు నొప్పిని, మన ఇళ్లలో పైత్యం అనో, గ్యాస్ తలకెక్కిందనో, సైనస్ అనో, కళ్లద్దాలు మార్చాలనో అనుకుంటారు. నిజానికి అది మెదడుకు సంబంధించిన జబ్బు. నొప్పి మొదలవడానికి కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ఒకట్రెండు రోజుల ముందే, మెదడులో మార్పు మొదలవుతుంది. ఊరికే ఆవలింతలు వస్తాయి, మెడ పట్టేస్తుంది, తీపి తినాలనిపిస్తుంది, చిన్న మాటకే చిరాకు పుడుతుంది. కొందరికి ఆ తర్వాత కళ్ల ముందు మెరుపు గీతలు వంకర టింకరగా కదులుతాయి. దీన్ని ఆరా అంటారు. మెదడు పైపొర మీద ఒక విద్యుత్ అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకడమే దీనికి కారణం. ఆ అలను 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త లియావ్ కుందేళ్ల మెదడులో మొదట గుర్తించారు. అంత నిదానంగా పాకుతుంది కాబట్టే ఆరా కూడా అయిదు నిమిషాలకు పైగా మెల్లగా పెరిగి, గంటలోపు పోతుంది. పక్షవాతంలో అలా ఉండదు, చూపో మాటో ఉన్నట్టుండి పోతుంది.

ఆ తర్వాత మెదడు పొరల్లో, ముఖానికీ తలకూ స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం కొసల నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం వెలువడి నొప్పి మొదలవుతుంది. మందు పడకపోతే అది 4 నుంచి 72 గంటల దాకా ఉంటుంది. ఈ నొప్పిలో సీజీఆర్‌పీ పాత్రను తేల్చినందుకు 2021లో నలుగురు శాస్త్రవేత్తలకు బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. నొప్పి పోయాక కూడా ఒకటి రెండు రోజులు తల మొద్దుబారినట్టుంటుంది, తెలిసిన మాటే నోటికి రాదు, చదివింది ఎక్కదు. ఇంట్లో వాళ్లకూ ఆఫీసు వాళ్లకూ అర్థం కానిది ఈ రోజుల సంగతే. ‘నొప్పి తగ్గిందిగా, ఇంకా ఏమిటి’ అనడం అన్యాయం. ఆ రోజుల్లో మెదడు ఇంకా కుదుటపడలేదు.

ఇక మొదటి ప్రశ్న. ఎంఆర్ఐ తీయిస్తే రిపోర్టులో ఒక్కోసారి తెల్ల మచ్చలు ఉన్నాయని రాస్తారు. పక్కనే ‘రక్తప్రసరణ తగ్గిన మార్పులు’ అని ఒక మాట ఉంటుంది. అది చదివి ఇల్లంతా హడలిపోతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఈ మచ్చలు మామూలు వాళ్లకంటే కొంచెం ఎక్కువగా కనిపించే మాట నిజమే. నెదర్లాండ్స్‌లో ఒక పరిశోధన బృందం 2004లో ఈ సంగతి చెప్పింది. అదే బృందం మళ్లీ సుమారు తొమ్మిదేళ్ల తర్వాత అదే మనుషులకు స్కాన్ చేసి 2012లో ఫలితం ప్రకటించింది. ఆడవాళ్లలో మచ్చలు పెరిగాయి, కానీ జ్ఞాపకశక్తి, ఆలోచన వాటి వల్ల దిగజారిన దాఖలా దొరకలేదు. ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో పెద్ద వయసు వాళ్ల మీద చేసిన అధ్యయనం 2011లో ఇలాంటి మాటే చెప్పింది. కాబట్టి ఆ రిపోర్టు పట్టుకుని పక్షవాతం వస్తుందనో మతిమరుపు వస్తుందనో నిద్ర మానుకోవద్దు. బీపీ, షుగర్, పొగ తాగే అలవాటు ఉంటే మాత్రం వాటిని అదుపులో పెట్టుకోవాలి. ఆ మచ్చలకు వాటి వాటా కూడా ఉంటుంది.

భయపడాల్సిన చోట ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు మిగతా వాళ్లకంటే సుమారు రెట్టింపు. వయసులో ఉన్నవాళ్లలో పక్షవాతమే అరుదు కాబట్టి రెట్టింపయినా అది తక్కువే. కానీ పొగ తోడైనా, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు తోడైనా బాగా పెరుగుతుంది. ఆరా ఉన్న ఆడవాళ్లు మాలా-డి లాంటి మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. వీళ్లకు రాగి లూప్ లాంటి వేరే దారులున్నాయి. మెడికల్ షాపులో ఆ మాత్రలు అడిగే అమ్మాయిని ‘తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తాయా’ అని అడగడానికి అర నిమిషం చాలు.

రెండో ప్రశ్నకు జవాబు చాలామందిని నొప్పిస్తుంది: మాత్ర పనిచేయకపోవడానికి తరచుగా ఆ మాత్రే కారణం. నొప్పి మాత్రలు అతిగా వాడితే మెదడులో నొప్పిని అణిచే ఏర్పాటు బలహీనపడుతుంది, చిన్న కారణానికే నొప్పి రేగుతుంది. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మామూలు మాత్రలు విడిగా నెలకు 15 రోజులో అంతకు మించో, మూడు నెలలకు పైగా వాడితే ఇది మొదలవుతుంది. మైగ్రేన్ కోసమే ఉన్న ట్రిప్టాన్లు (సుమాట్రిప్టాన్ లాంటివి), ఎర్గోటమిన్, నల్లమందు జాతి నొప్పి మందైన ట్రమడాల్, రెండు మూడు మందులు కలిపిన మాత్రలకు ఆ హద్దు 10 రోజులే. ఇక్కడ లెక్క మాత్రలది కాదు, రోజులది. ఒకే రోజు మూడు వేసుకుంటే ఒక రోజు. రోజుకొకటి చొప్పున పన్నెండు రోజులు వేసుకుంటే పన్నెండు రోజులు, అదే ఎక్కువ చేటు. పొద్దున లేస్తూనే తల పట్టేసి ఉండటం, మాత్ర వేస్తే మూడు నాలుగు గంటలు తగ్గి మళ్లీ రావడం, జేబులో స్ట్రిప్ లేకపోతే బయటికి వెళ్లడానికే జంకడం దీని గుర్తులు. మేం హద్దును ఇంకా కింద పెట్టుకోమంటాం, ఏ మాత్రైనా వారానికి రెండు రోజులకు మించకుండా.

మన దగ్గర ఈ చిక్కు ఎక్కువగా ఒక పాత రకం మాత్రతో వస్తోంది. మైగ్రేన్ మాత్ర అని అడిగితే చాలా షాపుల్లో చీటీ లేకుండానే చేతికొచ్చేది అదే. అందులో ఎర్గోటమిన్ 1 మిల్లీగ్రాము, కెఫీన్ 100, పారాసెటమాల్ 250, ప్రొక్లోర్‌పెరజిన్ 2.5 మిల్లీగ్రాములు ఉంటాయి. ఎర్గోటమిన్ రక్తనాళాలను గట్టిగా, చాలాసేపు బిగిస్తుంది. బీపీ ఎక్కువున్న వాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోకూడదు. గొంతు నొప్పికో దగ్గుకో క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వాడుతున్నప్పుడు ఇది వేసుకుంటే ఒంట్లో ఎర్గోటమిన్ పేరుకుపోయి చేతులకూ కాళ్లకూ రక్తం అందకుండా పోవచ్చు. వేళ్లు చల్లబడి, తిమ్మిరెక్కి, నల్లబడటం మొదలైతే అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి. సుమాట్రిప్టాన్‌కూ దీనికీ మధ్య 24 గంటల ఎడం ఉండాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు ఇక్కడి నుంచి ఈ స్ట్రిప్పులు పంపే తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అక్కడి డాక్టరు ట్రిప్టాన్ రాస్తే ఇంటి నుంచి వచ్చిన మాత్ర పేరు ఆయనకు తప్పక చెప్పాలి.

మాత్ర వేసుకునే పద్ధతిలోనూ పొరపాట్లున్నాయి. ‘ఓర్చుకుందాం, తగ్గకపోతే చూద్దాం’ అని మూడు గంటలు ఆగడం మొదటిది. నొప్పి మొదలైన అరగంట, గంటలోపు వేస్తేనే మందు బాగా పట్టుకుంటుంది. డోసు తగ్గించి వేసుకోవడం రెండోది. పెద్దవాళ్లకు పారాసెటమాల్ 1000 మిల్లీగ్రాములో, ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములో, నాప్రోక్సెన్ 500 మిల్లీగ్రాములో ఒకేసారి పడాలి. సగం మాత్ర వేసి గంటకు ఇంకో సగం వేస్తే రెండూ వృథా. మైగ్రేన్ వేళ పొట్ట కదలిక మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది. అందుకే వాంతి తగ్గించే డొంపెరిడోన్ లాంటిది డాక్టరు ముందుగా వేయిస్తారు. వీటికి లొంగకపోతే సుమాట్రిప్టాన్ 50 మిల్లీగ్రాములు. తగ్గి మళ్లీ వస్తే రెండు గంటలు ఆగి రెండోది, మొత్తం రోజుకు 200 దాటకూడదు. గుండె జబ్బు, పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు ట్రిప్టాన్లు పనికిరావు. నొప్పి రాకుండా రోజూ ప్రొప్రనొలాల్ వాడేవాళ్లు మరో ట్రిప్టాన్ అయిన రిజట్రిప్టాన్ 10 బదులు 5 మిల్లీగ్రాములే వేసుకోవాలి. ప్రొప్రనొలాల్ రక్తంలో దాని మోతాదును పెంచేస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడి వాళ్లు, ఇంకెక్కడైనా రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే కొలత) పెరిగిన వాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మందులు తమంతట తాము వాడకూడదు. ఆర్ఎంపీ దగ్గర తలనొప్పికని పడే ఇంజెక్షన్ తరచుగా డైక్లోఫెనాకే. ఎండలో ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు అది పడితే కిడ్నీకి రెట్టింపు దెబ్బ. వానాకాలం జ్వరంతో వచ్చే తలనొప్పికి డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప మరేదీ వద్దు.

అతిగా వాడే మాత్రలను మానడం ఎలా? మామూలు నొప్పి మాత్రలు, ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్ ఒకేసారి ఆపేయవచ్చు. ట్రమడాల్‌ను, నిద్రమాత్రలను మాత్రం డాక్టరు చెప్పినట్టు మెల్లగా దించాలి. ఆపిన తర్వాత రెండు నుంచి పది రోజులు నొప్పి ముందుకంటే ఎక్కువవుతుంది, వికారం, నిద్రలేమి ఉంటాయి. చాలామంది ఇక్కడే ఓడిపోయి మళ్లీ స్ట్రిప్ చింపుతారు. అందుకని పరీక్షలు, పెళ్లిళ్లు, నెలాఖరు లెక్కలు లేని వారం చూసుకుని, ఇంట్లో ముందే చెప్పి మొదలుపెట్టాలి. రెండు నెలలు గడిస్తే ఎక్కువమందికి నొప్పి రోజులు తగ్గుతాయి, అంతకుముందు పనిచేయని మందులు మళ్లీ పనిచేస్తాయి. అతివాడకం వల్ల మెదడు స్కాన్లలో కనిపించిన మార్పుల్లో కూడా చాలావరకు మందు మానేశాక వెనక్కి మళ్లాయి.

నెలలో నాలుగైదు రోజులకు మించి పని ఆగిపోయేవాళ్లకు నొప్పి రాకుండా రోజూ వాడే మందు ఉండాలి. ప్రొప్రనొలాల్ 20 లేక 40 మిల్లీగ్రాములతో మొదలై 80, 160 దాకా వెళ్తుంది. ఆస్తమా ఉంటే వద్దు, ఒక్కసారిగా ఆపకూడదు. ఎమిట్రిప్టిలిన్ రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. నిద్ర సరిగా లేనివాళ్లకు ఇది మేలు, నోరు ఎండుతుంది. ఫ్లునరిజిన్ రాత్రి 5 లేక 10 మిల్లీగ్రాములు. బరువు, మత్తు, దిగులు పెరుగుతున్నాయా, చేయి వణుకుతోందా అని చూసుకోవాలి. ఏళ్ల తరబడి అదే చీటీ మీద కొంటూ పోయే మందు కాదిది, సాధారణంగా ఆరు నెలలకు ఆపి చూస్తారు. టోపిరమేట్ వేళ్లలో చీమలు పాకినట్టు చేస్తుంది, మాట తడుముకునేలా చేస్తుంది. దాన్ని జబ్బు ముదిరిందని పొరబడేవాళ్లున్నారు. ఇలా రోజూ వాడే మరో మందు వాల్‌ప్రోయేట్‌ను గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు, టోపిరమేట్ కూడా బిడ్డకు హాని చేస్తుంది. ఏ మందైనా సరైన డోసుకు చేరాక ఎనిమిది వారాలు చూడాలి. వారానికే ‘పనిచేయలేదు’ అని మానేస్తే ఆ మందును అసలు పరీక్షించనట్టే. నొప్పి రోజులు సగానికి తగ్గితే అది పనిచేసినట్టు. వీటికి లొంగని వాళ్లకు 12 వారాలకోసారి 155 యూనిట్ల బొటాక్స్, సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఖర్చు ఎక్కువ.

నొప్పిని రేపే కారణాల్లో మనకే ప్రత్యేకమైనది తలస్నానం. ముంబయి న్యూరాలజిస్టు కె. రవిశంకర్ 94 మంది రోగుల్లో దీన్ని పరిశీలించి 2006లో ప్రచురించారు. తడి జుట్టు ముడేసుకుని గంటలు గడపకుండా వెంటనే ఆరబెట్టుకోవడం, వేళ తప్పిన భోజనంతో తలస్నానాన్ని ఒకేరోజు కలపకపోవడం మంచిది. ఒక్క కారణం ఓర్చుకునే తల, రెండు మూడు కలిస్తే లొంగిపోతుంది. కార్తీక సోమవారం ఉపవాసం, పొద్దున్నే తలస్నానం, మధ్యాహ్నం ఎండ ఇలాంటివే.

ఏ తలనొప్పినీ మైగ్రేనే అనుకుని వదిలేయకూడని సందర్భాలున్నాయి. నిమిషంలోపు పిడుగు పడినట్టు తారస్థాయికి చేరినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, యాభై ఏళ్లు దాటాక మొదటిసారి వచ్చినా, చేయి కాలు పట్టు తప్పినా, దగ్గితే పెరుగుతున్నా ఆలస్యం చేయొద్దు. బాలింతల తలనొప్పి మరీ ముఖ్యం. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ రోజుల్లో ఉంటుంది. ‘చలిగాలి తగిలింది’ అని చెవుల్లో దూది పెట్టి కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

సంపాదక మహాశయా, మీ ద్వారా రెండు విన్నపాలు. ప్రొప్రనొలాల్, ఎమిట్రిప్టిలిన్, సుమాట్రిప్టాన్ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవే. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఎప్పుడూ ఉండేలా చూడాలి. ఎర్గోటమిన్ మాత్రను చీటీ లేకుండా అమ్మడాన్ని ఔషధ నియంత్రణ అధికారులు ఆపించాలి. మీ ఆరోగ్యం పేజీలో ప్రతి నెలా మొదటి వారం ముప్పై గడుల చిన్న పట్టిక ఒకటి అచ్చువేయగలిగితే బాగుంటుంది. నొప్పి వచ్చిన రోజు గడిలో ఒక గీత, మాత్ర వేసిన రోజు ఒక సున్నా, నెలసరి రోజు ఒక చుక్క పెట్టుకుంటే చాలు. మూడు నెలల పట్టికలు డాక్టరు బల్ల మీద పెడితే, ఎంఆర్ఐ కంటే ముందు ఆయన చూడాల్సింది వాటినే.

ఇట్లు,
తలనొప్పి మందులపై పనిచేసే కొందరు ఫార్మసిస్టులు,
విశాఖపట్నం