కొత్త బ్యారక్‌లు సరే, లెక్క ఏదీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. జైళ్ళు కిక్కిరిసిపోయాయనీ, కొత్త బ్యారక్‌లు కట్టడానికి ప్రతిపాదనలు పైకి వెళ్ళాయనీ పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. దాని మీద ఎవరైనా నాలుగు ముక్కలు రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు. అదే పేజీలో ఒక నాయకుడి పుట్టినరోజు ఫొటోలు అరడజను ఉన్నాయి కదా, జనం వాటిని చూసి తరించినట్టున్నారు.

మీ వార్తలో ఖైదీలు ఎక్కువయ్యారని ఉంది, చోటు చాలడం లేదని ఉంది, ఎన్ని కోట్లవుతుందో కూడా ఉంది. లోపల ఉన్నది ఎవరు, ఎందుకున్నారు, వాళ్ళని అక్కడ ఉంచినందువల్ల మనకి ఒరిగిందేమిటి అన్నది మాత్రం లేదు. కోర్టు ఆఫీసుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెబుతాను.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో ఉన్నది 5,73,220 మంది. ఆ జైళ్ళలో పట్టేది 4,36,266 మంది. లోపలున్నవాళ్ళలో ఇంకా ఏ శిక్షా పడని విచారణ ఖైదీలు 4,34,302 మంది. మీ విలేకరి ఈ చివరి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే వార్త వేరేలా ఉండేది. ఇన్ని జైళ్ళు కట్టింది శిక్ష పడినవాళ్ళ కోసమని మనం అనుకుంటున్నాం గానీ, తీర్పు రానివాళ్ళతోనే అవి దాదాపు నిండిపోతున్నాయి.

వీళ్ళంతా బెయిలు దొరకని ఘోర నేరస్థులని మీ పాఠకులు అనుకుంటారేమో. నేను చూసింది చెబుతాను. చిల్లర దొంగతనం కేసు. మెజిస్ట్రేటు గారు పొద్దున్నే బెయిలిచ్చేస్తారు. పది వేలకు సొంత పూచీకత్తు, చెరో పది వేలకు ఇద్దరు జామీనుదారులు. కుర్రాడి తల్లి బెంచి గుమాస్తా బల్ల దగ్గరకొచ్చి "బెయిలొచ్చిందంట గదండీ, మావోణ్ణి ఎప్పుడొదుల్తారు?" అని అడుగుతుంది. జామీను ఉండేవాడికి సొంత ఇల్లుండాలమ్మా, పన్ను రశీదుండాలి, దాని విలువకి ఆఫీసు నుంచి కాగితం తేవాలి అని చెబుతాం. ఆవిడ ఉండేది కాలవగట్టు మీద పాకలో. ఆవిడ ఎరిగినవాళ్ళవన్నీ అవే పాకలు. పోరంబోకు పాకకి పన్ను రశీదు ఎవడిస్తాడు? కోర్టు ఆవరణలో చెట్టు కింద అద్దె జామీనులు సిద్ధంగా ఉంటారు గానీ వాళ్ళ రేటు ఆవిడకి అందదు. బెయిలు ఉత్తర్వు ఫైల్లో ఉంటుంది, కుర్రాడు జైల్లో ఉంటాడు. తర్వాత వాయిదా నాడు ఎస్కార్టుకి పోలీసులు లేరని అతన్ని తీసుకురారు. ఇంకో వాయిదా.

కొన్ని నెలలయ్యాక కుర్రాడు విసిగిపోయి "నేనే చేశానండి" అంటాడు. ఉన్న రోజుల్నే శిక్షగా లెక్కగట్టి వదిలేస్తారు. నిజంగా చేశాడో లేదో ఆ పైవాడికే తెలియాలి. పోలీసు వారి ఖాతాలో మాత్రం శిక్ష పడిన కేసు ఒకటి పెరుగుతుంది.

అమెరికాలో ఇదే సంగతిని లెక్కగట్టి చూశారు. ఫిలడెల్ఫియా, మయామీ కోర్టుల కేసులు తీసుకుని డాబీ, గోల్డిన్, యాంగ్ అనే ముగ్గురు పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. విచారణకు ముందే విడుదలైనవాళ్ళు నేరం ఒప్పేసుకోవడం తగ్గింది, తర్వాత పనిలో కుదురుకోవడం పెరిగింది. వాయిదాలకు రానివాళ్ళు ఉన్నారు, బయట ఉండి మళ్ళీ నేరం చేసినవాళ్ళూ ఉన్నారు. ఆ నష్టాలన్నీ తీసేశాక కూడా, విడుదల చేసినందువల్ల సమాజానికి మిగిలింది తలకు 55 వేల నుంచి 99 వేల డాలర్లని తేల్చారు. అమెరికా డాలర్లు మనకి అతకవు, ఒప్పుకుంటాను. లెక్క వెయ్యడమైతే అతుకుతుంది కదా!

మన లెక్కే వేద్దాం. ఖైదీ తలకు ఎక్కువ ఖర్చు పెట్టే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ది ముందు వరుస. రాష్ట్రాల్లో పోలీసు, జైళ్ళు, కోర్టుల తీరును లెక్కగట్టే ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం ఏడాదికి రెండు లక్షల రూపాయల పైమాటే. రెండు లక్షలే అనుకున్నా రోజుకు దాదాపు 550. పది వేల పూచీకత్తు లేక లోపల ఉన్నవాడి మీద మూడు వారాలు తిరక్కుండానే ప్రభుత్వం అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టేస్తోంది. పైగా పూచీకత్తు అనేది ఖర్చు కూడా కాదు, మనిషి వాయిదాలకు వచ్చినంతకాలం ఎవరి జేబులోంచీ పైసా పోదు. ఇది సగటు లెక్క, ఇందులో వార్డర్ల జీతాలూ ఉన్నాయి, ఒకడు బయటికెళితే 550 రూపాయలూ మిగలవు కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ కొత్త గోడ కట్టి, కొత్త వార్డర్లను వేసుకునే ముందు చూడాల్సింది ఆ మొత్తం లెక్కనే.

ఇక పథకాల సంగతి. పేద ఖైదీలకు సాయమని కేంద్రం 2023లో ఒకటి తెచ్చి, 20 కోట్లు కేటాయించింది. విచారణ ఖైదీకి పూచీకత్తు కింద 40 వేల వరకు, శిక్ష పడినవాడికి జరిమానా కింద 25 వేల వరకు ఇస్తామని అప్పట్లో చెప్పింది. జిల్లాకో కమిటీ. వినడానికి బంగారంలా ఉంది. రాష్ట్రాలు ఆ డబ్బు వాడుకోవడం లేదని కేంద్రమే మళ్ళీ మళ్ళీ ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. జైలు నుంచి పేరు వెళ్ళాలి, కమిటీ కూర్చోవాలి, కూర్చున్నవాళ్ళు సంతకం పెట్టాలి. ఇంతలో కుర్రాడు నేరం ఒప్పేసుకుని ఇంటికెళ్ళిపోయి ఉంటాడు. గంజాయి కేసుల్లో ఉన్నవాళ్ళకైతే ఈ పథకం అసలు వర్తించదు. విశాఖ సెంట్రల్ జైలు గంజాయి కేసులవాళ్ళతో నిండిందని మీరే ఎన్నోసార్లు రాశారు. ఏజెన్సీ నుంచి కూలికి మూట మోసినవాడు లోపల, మూట కొనుక్కున్నవాడు ఎక్కడున్నాడో మరి!

డబ్బు లేదని పేద ఖైదీల్ని లోపలే ఉంచొద్దని సుప్రీంకోర్టు చెప్పలేదా అంటే, చెప్పింది. 1979లో బీహారు జైళ్ళ హుస్సేనారా ఖాతూన్ కేసు నుంచీ చెబుతూనే ఉంది. బెయిలొచ్చిన వారంలోగా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని 2023 జనవరిలో ఆదేశించింది. ఊళ్ళోవాళ్ళే జామీను ఉండాలని పట్టుబట్టొద్దంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం రిమాండులోనే గడిపేస్తే బెయిలివ్వాలని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్ అంటోంది. పాత కేసులకూ అది వర్తిస్తుందని 2024 ఆగస్టులో కోర్టు స్పష్టం చేసింది. అయితే ఒకటికి మించి కేసులుంటే ఆ సెక్షన్ పనిచేయదు. కొట్టేసిన బండి ఒకటే అయినా కేసులు మూడు కట్టడం మన స్టేషన్లలో ఎవరికి కొత్త?

అమెరికాలోనే వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటి లెక్కలు వెయ్యడానికి శాసనసభే ఒక సంస్థను పెట్టుకుంది. జైళ్ళు కట్టడానికి బదులు ఏం చేస్తే నేరాలు తగ్గుతాయో, దేనికి ఎంతవుతుందో 2006లో ఆ సంస్థ లెక్కగట్టి ఇచ్చింది. మరుసటి ఏడాది శాసనసభ ఆ కార్యక్రమాలకు డబ్బిచ్చి, కట్టాలనుకున్న రెండు జైళ్ళలో ఒకటి మానుకుంది. మన శాసనసభలో హోంశాఖ పద్దు ఎంతసేపట్లో పాసవుతుందో మీ విలేకర్లకే బాగా తెలుసు. బడ్జెట్టు రోజున ఎవరు ఎవర్ని ఏమని తిట్టారో మాత్రం మొదటి పేజీలో వేస్తారు.

వీధి దీపాల సంగతీ ఇంతే. దీపాలు మెరుగుపరిచిన చోట నేరాలు దాదాపు ఐదోవంతు తగ్గాయని బ్రిటన్, అమెరికా అధ్యయనాలను కలిపి చూసిన వెల్ష్, ఫారింగ్టన్ అనే నేరశాస్త్ర పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. మా వీధి చివర స్తంభానికి బల్బు లేదని చెబితే ఇది మా పరిధి కాదంటారు. అదే స్తంభానికి మాత్రం కెమెరా వేలాడుతోంది. చీకట్లో అది ఏం చూస్తుందో నాకు అర్థం కాదు.

హంతకుల్నీ, ఆడపిల్లల జోలికొచ్చినవాళ్ళనీ వదిలెయ్యమని నేననడం లేదు. అలాంటివాళ్ళ మీద కేసులు తేలడానికైనా కోర్టులకు తీరిక ఉండాలి. పది లక్షల జనాభాకు యాభై మంది జడ్జీలుండాలని లా కమిషన్ చెప్పింది 1987లో. 2024లో కూడా ఇరవై ఒక్కరి దగ్గరే ఉన్నాం. జడ్జీని వేస్తే శిలాఫలకం ఉండదు, రిబ్బన్ కత్తిరించడం ఉండదు, మీకూ ఫొటో ఉండదు.

సంగారెడ్డి పాత జైల్లో ఒక్కరోజు ఖైదీలా ఉండడానికి 500 రూపాయలు టిక్కెట్టు పెడితే ముచ్చటగా రాశారు. సరదాకి లోపలికెళ్ళేవాళ్ళ కథ మనకి వార్త. బయటికి రావడానికి చేతిలో పైసా లేనివాళ్ళ కథ కాకుండా పోయింది.

మీ పత్రికనూ ఒక మాట అనకపోతే నాకు నిద్ర పట్టదు. నిందితుల ముఖాలకు ముసుగులు వేసి, ముందు బల్ల మీద సెల్‌ఫోన్లు పేర్చి పోలీసులు పెట్టే ప్రెస్‌మీట్ ఫొటో ఏ రోజూ తప్పదు. వాళ్ళలో ఎవరి మీద కేసు కొట్టేశారో నేనింతవరకు మీ పేజీల్లో చదవలేదు. అరెస్టయితే నాలుగు కాలమ్‌లు, నిర్దోషి అని తేలితే అర అంగుళం కూడా లేదు.

ఈ బ్యారక్‌ల ప్రతిపాదన మంజూరైనప్పుడు మీరు మళ్ళీ వార్త వేస్తారు కదా. దయచేసి ఈసారి మీ విలేకరిని జైలు సూపరింటెండెంటు గారి దగ్గరికి పంపించండి. బెయిలొచ్చి కూడా జామీను లేక లోపలున్నవాళ్ళు ఈ రోజుకి ఎంతమంది, వాళ్ళ మీద రోజుకి ఎంత ఖర్చు, ఈ ఏడాది జిల్లా కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎంతమందికి సాయం ఇచ్చింది అని అడిగించండి. చెబితే శంకుస్థాపన ఫొటో పక్కనే వేయండి. చెప్పకపోతే చెప్పలేదని వేయండి.

ఇట్లు
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
తూర్పు గోదావరి జిల్లా