మట్టిని ఎంత బాగా కడిగారన్నదే అసలు ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

వంటనూనెను మట్టితో, యాసిడ్‌తో తెల్లగా చేస్తారట, నిజమేనా అని నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. బ్లీచింగ్ మట్టి తయారుచేసేచోట ల్యాబ్‌లో చాలాకాలం పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. నూనెలో యాసిడ్ పోయరు. దాన్ని పోసేది మట్టిలో. బ్లీచింగ్ అనగానే క్లోరిన్ పౌడర్ గుర్తొచ్చి భయపడతారు గానీ, ఇక్కడ నూనెలోని రంగునీ, శుద్ధిలో మిగిలిన సబ్బునీ, ఇనుము, రాగి లాంటి లోహాల జాడల్నీ మట్టి తన మీద పట్టుకుంటుంది, తర్వాత దాన్ని ఫిల్టర్‌లో వడకట్టి తీసేస్తారు.

బెంటోనైట్ అనే బంకమట్టిని గంధకామ్లంలోనో హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోనో కలిపి, దాదాపు నీళ్లు మరిగేంత వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. ఆ మట్టిలోని సన్నటి పొరల మధ్య ఉండే కాల్షియం, సోడియం పోతాయి, పొరల్లోంచే కొంత అల్యూమినియం, ఇనుము కరిగి వచ్చేస్తాయి. అలా ఏర్పడిన సన్నటి రంధ్రాల వల్ల ఒక్క గ్రాము మట్టికి 200 చదరపు మీటర్లు దాటిన ఉపరితలం వస్తుంది! ఎక్కువసేపు ఉడికిస్తే మాత్రం పొరలు కూలిపోయి, రంగు పట్టే గుణం పడిపోతుంది.

నా బాధంతా ఆ తర్వాత, మట్టిలో మిగిలిన యాసిడ్ పోయేలా జరిగే కడుగుడు గురించే. నీళ్లూ టైమూ ఖర్చయ్యే పని అది, అందుకే తొందరపడేది కూడా అక్కడే. కేక్ (కడిగి వడకట్టిన మట్టి ముద్ద) నుంచి చిటికెడు మట్టి తీసి డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి నీలం లిట్మస్ ముంచితే ఎర్రబడిన రోజులు నాకు బాగా గుర్తు, మళ్లీ కడగమంటే లారీ రెడీగా ఉందనేవారు. ఆ యాసిడ్ మిగిలితే నూనెలో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు (నూనె విడిపోయి ఏర్పడే, నాణ్యత తగ్గించే ఆమ్లాలు) పెరుగుతాయి, తర్వాత బాగా వేడిచేసి వాసన తీసే దశలో 3-ఎంసీపీడీ ఎస్టర్లు అనే, ఆరోగ్యానికి మంచివి కాని పదార్థాలు పుట్టే అవకాశమూ పెరుగుతుంది. కొనే రిఫైనరీలు రంగు ఒక్కటే కాకుండా ప్రతి లాట్‌కీ మిగులు యాసిడ్ చూడాలి. కడిగిన నీళ్లను సున్నంతో సరిచేయకుండా కాలువలోకి వదలకూడదు.

ఇంకో సంగతి. వాడేసిన మట్టిలో బరువులో 20 నుంచి 40 శాతం దాకా నూనె ఉండిపోతుంది. గాలి తగిలితే ఆ నూనె దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. ఒక రాత్రి పైన చల్లగా, మామూలుగా కనిపించిన కుప్పను పారతో తవ్వితే లోపల ఎర్రగా కణకణలాడుతోంది. దాని పక్కనే మనుషులు పడుకున్నారు. అలాంటి కుప్పల్ని తడిపి, గాలి తగలకుండా కప్పి ఉంచేలా యాజమాన్యాలు చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ ల్యాబ్ ఉద్యోగి