ఆదివారం బెంచీలు ఎత్తేయడం లేదు

మిద్దెతోటల కోసం మా దగ్గర విత్తనాలు, మొక్కలు తీసుకునే అందరికీ నమస్కారం. ఆదివారం పూట మీలో మీరు కూర్చుని మాట్లాడుకోవడానికి షాపు వెనక రేకుల షెడ్డులో బెంచీలు వేయించాం కదా, వాటిని ఎత్తేస్తున్నామని ఎవరో పుట్టించారు. ఆ మాట నమ్మకండి.

ఉన్నమాట చెప్తాను. ఈ ముచ్చట్లతో మా గల్లాపెట్టెకు కొంత చిల్లు పడింది. మొక్కలకు తెల్లగా పట్టే పిండినల్లి పురుగుకు మందు సీసా కొందామని వచ్చినవాళ్లకు బెంచీ మీది పెద్దావిడ ఒకరు "ముందు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టమ్మా, పోకపోతే అప్పుడు వేపనూనె" అని చెప్పి పంపించేస్తున్నారు. ఆవిడ చెప్పేది నిజమే, నేనేం అనను? కాకపోతే వేపనూనె లీటరు నీళ్లకు 5 మి.లీ. చాలు. కాస్త సబ్బునీళ్లు కలపకపోతే పైనే తేలుతుంది, మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది.

ఇంతకీ లాభం మాకూ ఉంది. సొరపాదుకు పిందె నిలవట్లేదు, మీ గింజలే మంచివి కావని ఒకాయన కౌంటర్ దగ్గర గొడవకు దిగారు. వెనకున్నవాళ్లే ఆయన్ని సాయంత్రం మేడెక్కి చూడమన్నారు. సొరపువ్వు విచ్చుకునేది పొద్దుగూకే వేళ. ఆ వేళకు తేనెటీగలు ఉండవు, రాత్రి తిరిగే పురుగులు మేడ మీదికి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకని మగపువ్వు కోసి, రెక్కలు తీసేసి, కింద బుల్లి సొరకాయ ఉన్న ఆడపువ్వు మధ్యలో మనమే అద్దాలి. ఇదే నేను చెబితే అమ్మేవాడి సాకు అనుకునేవారు. కాయించినవాళ్లు చెప్పారు కాబట్టి విన్నారు.

తంటా అంతా విత్తనాలు పంచుకోవడంతోనే. మా హైబ్రిడ్ టమాటా నుంచి తీసిన గింజలు పంచుకుని, కాయలు తలోరకంగా వస్తే షాపుకొచ్చి అడుగుతున్నారు. హైబ్రిడ్ అంటే రెండు రకాలు కలిపి తీసింది. దాని గింజ తల్లిలా వస్తుందన్న భరోసా లేదు. ఇకనుంచి పొట్లం మీద నాటుదో హైబ్రిడ్దో రాయండి, రాయనిది బల్ల మీద పెట్టొద్దు.

పురుగుమందు మోతాదు నోటిమాటగా చెప్పుకోకండి, సీసా మీద ఉన్నదే లెక్క. మా సరుకును తిట్టాలనుంటే నేను పక్కనున్నా సరే, తిట్టండి. కొనేవాళ్లలా వచ్చి కూర్చుని తమ ఎరువులు అంటగట్టే ఏజెంట్లను మాత్రం నేనే లేపి పంపుతాను.

టీ ఖర్చు ఇక మా వల్ల కాదు. బల్ల మీద డబ్బా పెడుతున్నాం, తోచినంత వేయండి.