పాత కార్బన్ ఫ్రేమ్ కొనేవాళ్లకు: ఆదివారం చెకింగ్

అందరికీ నమస్తే 🚴 ఈ ఆదివారం రైడ్ అయ్యాక, ఉదయం 7:30కి నెక్లెస్ రోడ్డులో సెకండ్ హ్యాండ్ కార్బన్ (కార్బన్ ఫైబర్ ఫ్రేమ్) సైకిళ్లు బాగున్నాయో లేదో చూసి చెబుతాం. అమ్మేవాళ్లను కూడా వెంటబెట్టుకు రండి. బండి కడిగి తేవాలి, మట్టి కింద పగులు కనబడదు.

కార్బన్‌కు వయసు పెద్ద సమస్య కాదు. పదేళ్ల ఫ్రేమ్ కూడా భేషుగ్గా ఉండొచ్చు. భయమల్లా దెబ్బలతో, అతిగా బిగించిన బోల్టులతో.

ముందు సీట్‌పోస్ట్ (సీటును మోసే గొట్టం) బయటికి తీయించండి. రాకపోతే బేరం అక్కడే ఆపండి. అల్యూమినియం పోస్ట్ అయితే చెమట దిగి లోపల పట్టేసి ఉంటుంది, బలవంతంగా లాగితే ఫ్రేమే పోతుంది. వస్తే, క్లాంప్ (పోస్ట్‌ను బిగించే పట్టీ) దగ్గర ఫ్రేమ్‌కు నిలువు పగులు ఉందేమో టార్చ్ వేసి చూడండి.

తర్వాత ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే భాగం) దించి, స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టే ముక్క) పట్టిన చోట స్టీరర్ (ఫోర్క్ పై గొట్టం) చుట్టూ పగులు ఉందేమో చూడాలి. అది విరిగితే పళ్లు రాలతాయి, ఇక్కడ మొహమాటం వద్దు.

పెయింట్ గీత గోటికి తగిలితే అనుమానించండి. రూపాయి బిళ్లతో తట్టి, అవతలి వైపు అదే చోట తట్టి పోల్చండి. ఒక వైపే మొద్దుగా మోగితే లోపల పొరలు విడి ఉండొచ్చు. ఫ్రేమ్ మీద కొత్త స్టిక్కరుంటే పీకించండి!

వారంటీ సాధారణంగా మొదటి ఓనర్‌కే, దాన్ని చూపించి రేటు పెంచితే నమ్మొద్దు.

4, 5 ఎం.ఎం. అలెన్ కీలు, టార్చ్ తెచ్చుకోండి. టార్క్ రెంచ్ (బోల్టును కొలత ప్రకారం బిగించే పానా) నేను తెస్తా. శనివారం రాత్రి 8 లోపు మోడల్, సైజు, ఫోటోలు ఇక్కడ పెట్టండి. అడ్వాన్స్ మాత్రం చెకింగ్ అయ్యాకే.