ఒకటో తారీకు నుంచి ఖాతా గడువు పదిహేను రోజులే

మన కొట్టుకు వచ్చే అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి ఖాతా నెలకోసారి కాదు, పదిహేను రోజులకోసారి తీర్చాలి. ఎందుకో దాచకుండా చెప్తాను.

బేరం తగ్గలేదు. సరుకు కదులుతోంది, డబ్బే కదలడం లేదు. అప్పు పుస్తకంలో ఇవాళ్టికి 1,80,000 ఉంది. ఎక్కడికీ పోదు, తెలుసు. కానీ అది పుస్తకంలో ఉన్నన్నాళ్లు కందిపప్పు నగదుకు తేలేను. అరువుకు తెస్తే హోల్‌సేల్ కొట్టువాళ్లు బస్తా మీద ఎంతోకొంత ఎక్కువేస్తారు, అది మీ కిలో మీదే పడుతుంది.

తప్పు నా దగ్గరా ఉంది. పాలు పోసే ఆయనకు 4,000 ఇవ్వకుండా రెండు వారాలు తిప్పాను. ఆయన దాణా కొట్టులో బాకీ పెట్టాడు. దాణా కొట్టాయన మన ఖాతాదారే. మొన్న సరుకులు కట్టించుకుని, ‘ఈసారికి రాసుకో బాబాయ్’ అన్నాడు. నేను ఆపిన డబ్బు ఊరు తిరిగొచ్చి నా పుస్తకంలోనే బాకీగా కూర్చుంది! మొదటిరోజే ఇచ్చేసుంటే ఆ ఎనిమిది అయిదువందల నోట్లే మూడు బాకీలు తీర్చేవి.

మా అమ్మాయి ఇంటర్ ఎకనామిక్స్‌లో దీన్నే ద్రవ్య చలామణీ వేగం అంటారట. ఇర్వింగ్ ఫిషర్ అనే అమెరికా ఆయన 1911లో లెక్క కట్టాడు: ఉన్న డబ్బును, ఏడాదిలో అది ఎన్నిసార్లు చేతులు మారిందో దానితో హెచ్చిస్తే జరిగిన అమ్మకాల విలువ వస్తుంది. అలాగని వేగం ఎంత పెరిగితే అంత మంచిదని కాదు. 1923లో జర్మనీలో జీతం అందగానే కొట్లకు పరుగెత్తేవాళ్లు, సాయంత్రానికి ధర పెరిగిపోతుందని.

మనం చూసింది దానికి తిరగబడ్డది. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి, విలువలో నూటికి 86 వంతులు. ఆ వారం బియ్యం బస్తాలు అటక దాకా ఉన్నాయి, కొనేవాళ్లు గుమ్మంలోనే ఉన్నారు. చేతిలో వంద నోటున్నవాళ్లు దాన్ని విప్పలేదు. కొత్త 2,000 నోటు తెచ్చినవాళ్లకు ఇవ్వడానికి నా గల్లాపెట్టెలో చిల్లర లేదు.

కూలికి వెళ్లేవాళ్లకు, పింఛను మీద బతికే పెద్దలకు పాత గడువే. మిగతావాళ్లు ఒకేసారి కట్టలేకపోతే సగం కట్టండి, నేనేమీ అనుకోను.

పాలాయన బాకీ నిన్న రాత్రే ఫోన్‌పే చేశాను. దాణా కొట్టాయన ఇంకా రాలేదు.