2025-26 వార్షిక నివేదిక: సబ్బు, నీళ్ళు, జ్వరాలు

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి రిపోర్టు చదవాలని రూలుంది కాబట్టి చదువుతున్నాను, రూలు లేకపోయినా చదివేవాణ్ణే అనుకోండి, చేసినవాళ్ళ పని ఎక్కడో ఓ చోట రాసి లేకపోతే వచ్చే ఏడాది వాళ్ళూ రారు. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, మనూరి బడి పిల్లలకి జబ్బులు రాకుండా చూసుకోడానికి.

ముందు థాంక్సులు. ఏడాదంతా సబ్బులిచ్చిన కిరాణా కొట్టాయనకి, నిచ్చెనిచ్చిన టెంట్ హౌస్ వాళ్ళకి, వైజాగ్ నుంచీ హైదరాబాద్ నుంచీ ఫోన్‌పే చేసిన మనూరి కుర్రాళ్ళకి, పిలిచిన ప్రతిసారీ వచ్చిన ఏఎన్ఎం గారికి, ఆశా అక్కకి, బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మలకి. ఎవర్నైనా మర్చిపోతే తిట్టుకోకండి, ఫోన్ చెయ్యండి.

ఇక అక్టోబర్ 15, చేతులు కడుక్కునే రోజు. ఈసారి బ్యానరూ స్పీచులూ వద్దనుకుని కొబ్బరినూనెలో బొగ్గుపొడి కలిపి పిల్లల చేతులకి రాశాం, వెళ్ళి కడుక్కుని రండి అన్నాం. నాలుగో తరగతి గుంటడొకడు పరిగెత్తుకెళ్ళి నీళ్ళు చల్లుకొచ్చి "కడిగీసినాను సారూ" అని చేతులు చాపాడు. అరచేతులు కొంచెం పర్లేదు గానీ గోళ్ళ సందుల్లో, బొటనవేలు చుట్టూ నల్లగా అలానే ఉంది. "ఏటిరా ఇది?" అంటే "అన్నం తిన్నప్పుడు పోద్ది సారూ" అన్నాడు! అందరూ నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు, విరేచనాలైనా పచ్చకామెర్లైనా నులిపురుగులైనా కడుపులోకి పోయేది అలాగే కదా. మేడమ్ గారూ రాసుకుని కడుక్కున్నారు, ఆవిడ బొటనవేళ్ళూ అంతే. తర్వాత సబ్బుతో రెండో ఎక్కం మొత్తం చెప్పేదాకా రుద్దించాం, అంటే 20 సెకన్లు, అప్పుడు పోయింది. యూనిఫాంకి పూసుకున్న పిల్లల అమ్మలకి సారీ.

ఆ తర్వాత వారంలోనే సబ్బులు మాయం. పిల్లల్నే అనుమానించాం, తీరా చూస్తే కాకులు! ఉల్లిపాయలొచ్చే వలసంచుల్లో సబ్బు పెట్టి కుళాయికి కట్టమని వంటమ్మే చెప్పారు, అప్పట్నుంచీ ఒక్కటీ పోలేదు.

నీళ్ళ ట్యాంకు సంగతి చెప్తే కోపమొస్తుంది. కడగడానికి వస్తామని వాట్సాప్ గ్రూపులో 11 మంది బొటనవేలు పెట్టారు, వచ్చింది ముగ్గురు, మిగతావాళ్ళలో ఇద్దరు ఫొటో టైముకి వచ్చారు. అడుగున పాచీ, చచ్చిన బల్లీ. ట్యాంకు కడిగి నింపాక బ్లీచింగ్ 1000 లీటర్లకి రెండున్నర గ్రాముల లెక్కన విడిగా బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేటనీళ్ళు మాత్రమే ట్యాంకులో పోశాం, గంట ఆగాక కుళాయిలు విప్పాం. బోరు పక్కన నిలిచే మురుగుకి ఇంకుడు గుంత తవ్వించమని ఓ ఆఫీసుకి మూడుసార్లు అర్జీ ఇచ్చాను, మూడుసార్లూ సారు మీటింగులోనే ఉన్నారు. దోమలకి మాత్రం ఏ మీటింగూ లేదు.

నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10న వేశారు. ఆల్బెండజోల్ మింగితే పిల్లలు పడిపోతారని ఎవరో వాట్సాప్‌లో పెడితే కొందరు ఆ రోజు పిల్లల్ని పంపనేలేదు. ఆశా అక్క ఇంటింటికీ తిరిగి, నమలాలి, కడుపులో పురుగులు ఎక్కువుంటే కాసేపు వికారం ఉండొచ్చు అని చెప్పాక వారం తర్వాత, మిగిలిపోయినవాళ్ళకి వేసే మాప్ అప్ రోజున వాళ్ళూ వేసుకున్నారు. 2025 చివర్లో మన విజయనగరం జిల్లాలో స్క్రబ్ టైఫస్ (తుప్పల్లో ఉండే సన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) అని పేపర్లో చూశాక గ్రౌండు పక్క తుప్పలు కొట్టించాం. జ్వరంతో పాటు ఒంటి మీద కాలినట్టు నల్లమచ్చ కనిపిస్తే పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి, మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టకండి.

తల్లిదండ్రులకి ఒక మాట. కూలికెళ్ళాలి, ఇంట్లో చూసేవాళ్ళు లేరు, తెలుసు. అయినా కళ్ళకలకతోనో, అమ్మవారు పోసి పొక్కులింకా ఎండకుండానో జేబులో పారాసెటమాల్ పెట్టి బడికి పంపితే రెండ్రోజుల్లో బెంచీ అంతా పడుకుంటుంది. నానమ్మలు, అమ్మమ్మలు ఉన్న ఇళ్ళవాళ్ళు పక్కింటి పిల్లల్నీ ఆ రోజుకి చూసుకుంటారా అని అడిగాను, ఇద్దరు ఒప్పుకున్నారు.

లెక్కల కాగితం ట్రెజరర్ గారి దగ్గరుంది, కాస్త మిగిలింది, కావాల్సినవాళ్ళు చూసుకోవచ్చు.

జూన్‌లో బళ్ళు తెరిచేలోపు ట్యాంకు మళ్ళీ కడగాలి. ఈసారి బొటనవేళ్ళొద్దు, టీ తాగాక బల్ల మీదున్న నోటుబుక్కులో సంతకం పెట్టి వెళ్ళండి.